బ్యాటరీ పనిముట్లలో అగ్నిప్రమాదాలు: రీకాల్ ప్రకటన రైతు ఇంటికి చేరే మార్గం

ఉత్తర తెలంగాణలో పత్తి, వరి, మొక్కజొన్న, పసుపు సాగు చేసే రైతుల ఇళ్లలో బ్యాటరీతో నడిచే పనిముట్లు సర్వసాధారణమయ్యాయి. భుజాన వేసుకొని చేతితో కొట్టే పంపు స్థానాన్ని చాలాచోట్ల బ్యాటరీ పంపు ఆక్రమించింది. గట్ల మీద గడ్డిని, తోటల్లో కలుపును కోసే బ్రష్ కట్టర్లు, కొమ్మలు కత్తిరించే కత్తెరలు, చిన్న రంపాలు పెట్రోలుతో పాటు బ్యాటరీ రకాల్లోనూ లభిస్తున్నాయి. కళాశాలల ఆవరణలలో, ఉద్యానవనాలలో, పారిశ్రామిక కాలనీలలో పచ్చికను కోసే లాన్‌మోవర్లు సైతం తీగ లేకుండా పనిచేసే రకాల్లో వస్తున్నాయి. మహిళా సంఘాల చేతికి పిచికారీ డ్రోన్లు అందుతున్నాయి.

ఈ పనిముట్ల రూపం, పని వేరువేరు. వాటిలో అధికభాగానికి శక్తినిచ్చేది మాత్రం ఒకే జాతికి చెందిన లిథియం అయాన్ బ్యాటరీ. ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే బ్యాటరీ ప్యాక్‌ను లాన్‌మోవర్‌కు, బ్రష్ కట్టర్‌కు, రంపానికి మార్చి మార్చి బిగించుకొనే ఏర్పాటు కూడా ఉన్నది. కనుక లాన్‌మోవర్ బ్యాటరీలో బయటపడిన లోపం పొలంలో వాడే పరికరానికీ వర్తించవచ్చు. విదేశాలలో అగ్నిప్రమాద భయంతో ఇటువంటి యంత్రాలను కంపెనీలు వెనక్కి పిలిపించుకొన్న సందర్భాలు ఉన్నాయి. దీనినే రీకాల్ అంటారు. అటువంటి ప్రకటన కరీంనగర్ లేదా ఆదిలాబాద్ జిల్లాలోని ఒక గ్రామంలో, ఆ పరికరం వాడుతున్న రైతుకు ఎలా చేరుతుంది అన్న ప్రశ్నకు విస్తరణ విభాగం సమాధానం వెతకవలసిన సమయం వచ్చింది. ప్రమాదానికి గల శాస్త్రీయ కారణాలు, ఈ ప్రాంతపు ప్రత్యేక పరిస్థితులు, చట్టంలోని అవకాశాలు, విస్తరణ సిబ్బంది చేపట్టదగిన చర్యలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

2022 నాటి అనుభవం

లిథియం బ్యాటరీ ప్రమాదం తెలంగాణకు కొత్త కాదు. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాద్ పట్టణంలో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ నుంచి తీసి ఇంట్లో రాత్రిపూట ఛార్జింగ్‌కు పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలింది. అదే గదిలో నిద్రిస్తున్న 80 ఏళ్ల వృద్ధుడు మరణించగా, కుటుంబ సభ్యులు గాయపడ్డారు. కొద్ది రోజుల వ్యవధిలోనే విజయవాడలో ఇదే తరహాలో మరొకరు ప్రాణం కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల విక్రయశాల ఉన్న భవనంలో చెలరేగిన మంటల పొగ పై అంతస్తుల లాడ్జికి వ్యాపించి 8 మంది మృతిచెందారు.

ఈ ఘటనల క్రమంలో 2022 ఏప్రిల్‌లో మూడు కంపెనీలు తమ స్కూటర్లను వెనక్కి పిలిచాయి. ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 వాహనాలకు రీకాల్ ప్రకటించాయి. కేంద్ర ప్రభుత్వం రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన అగ్ని, పేలుడు, పర్యావరణ భద్రతా కేంద్రానికి దర్యాప్తు బాధ్యత అప్పగించింది. ఆ తర్వాత వాహన బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఏ.ఐ.ఎస్. 156ను సవరించి, 2022 డిసెంబర్ 1 నుంచి తొలిదశను, 2023 మార్చి 31 నుంచి రెండవ దశను అమలులోకి తెచ్చారు.

ఈ అనుభవంలో విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, నిజామాబాద్, విజయవాడ ప్రమాదాలు రెండూ బ్యాటరీని ఇంటి లోపల ఛార్జింగ్‌కు పెట్టినప్పుడు జరిగాయి. రైతు ఇంట్లో పంపు బ్యాటరీ ఛార్జింగ్ జరిగే తీరు ఇందుకు భిన్నమైనది కాదు. రెండవది, స్కూటర్లను వెనక్కి పిలవడం సాధ్యమైనది ప్రతి వాహనానికి రిజిస్ట్రేషన్ లేదా అమ్మకపు రికార్డు, చాసిస్ సంఖ్య, యజమాని చిరునామా ఉండటం వల్లనే. బ్యాటరీ పంపుకు, బ్రష్ కట్టర్‌కు అటువంటి ఆధారాలు సాధారణంగా ఉండవు.

రీకాల్ ప్రకటనలో ఏముంటుంది

అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 1972 నాటి చట్టం ద్వారా ఏర్పడింది. వస్తువులో ప్రమాదకరమైన లోపం ఉన్నట్లు తెలిసిన 24 గంటలలోగా తయారీదారు, దిగుమతిదారు లేదా విక్రేత ఆ కమిషన్‌కు తెలియజేయాలి. ఆ తర్వాత వెలువడే రీకాల్ ప్రకటన ఒక నిర్దిష్ట నమూనాలో ఉంటుంది. వస్తువు పేరు, మోడల్ సంఖ్య, అమ్మిన కాలం, అమ్ముడైన సంఖ్య, ప్రమాద స్వభావం, అప్పటివరకు నమోదైన ఘటనలు, వినియోగదారుడు వెంటనే చేయవలసిన పని, కంపెనీ ఇచ్చే పరిహారం అందులో ఉంటాయి. పరిహారం అంటే ఉచిత మరమ్మతు, కొత్త వస్తువు లేదా సొమ్ము వాపసు.

తీగ లేని లాన్‌మోవర్ల విషయంలో బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ చేపట్టిన రీకాల్ విద్యార్థులకు మంచి పాఠం. భద్రత కోసం అమర్చిన తాళంచెవిని తీసివేసిన తర్వాత కూడా యంత్రంలోని ఒక విద్యుత్ భాగంలో ప్రవాహం కొనసాగి, వేడెక్కి, నిప్పు అంటుకొనే అవకాశం ఉన్నట్లు తేలింది. ఆపివేసిన యంత్రం నిరపాయం అన్న నమ్మకం ప్రతి సందర్భంలోనూ సరైనది కాదని ఇది నిరూపించింది. లోపం బ్యాటరీలోనే ఉండనక్కరలేదు, స్విచ్, తీగల అతుకు, ఛార్జర్ ఎక్కడైనా ఉండవచ్చు.

సెల్ తయారీలోని లోపం ఎంత దూరం పాకుతుందో 2006లో తెలిసింది. సోనీ తయారుచేసిన సెల్స్‌లో సూక్ష్మమైన లోహపు రేణువులు చేరినందున డెల్ కంపెనీ ఒక్కటే దాదాపు 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. అవే సెల్స్ వాడిన ఆపిల్ తదితర కంపెనీలు కూడా అదే మార్గం అనుసరించాయి. 2021లో షెవ్రోలే బోల్ట్ కార్ల రీకాల్‌కు ఒకే సెల్‌లో చిరిగిన ఆనోడ్ ట్యాబ్, మడతపడిన సెపరేటర్ రెండూ కలవడం కారణమని గుర్తించారు. పైన ముద్రించిన బ్రాండు పేరు ఒకటి, లోపల ఉన్న సెల్ తయారైన కర్మాగారం మరొకటి. అందువల్ల రైతు వద్ద ఉన్న పరికరం పేరు మాత్రమే తెలిస్తే సరిపోదు, బ్యాటరీ ప్యాక్ మీది మోడల్, సీరియల్ సంఖ్యలు కూడా తెలియాలి.

బ్యాటరీ ఎందుకు మండుతుంది

లిథియం అయాన్ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సెపరేటర్ అనే అతి పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వీటన్నిటినీ తడిపి ఉంచే ఎలక్ట్రోలైట్ ద్రవం మండే గుణం కలిగిన సేంద్రియ ద్రావణం. సెల్ లోపలి ఉష్ణోగ్రత సుమారు 80 నుంచి 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఆనోడ్ మీది రక్షణ పొర విచ్ఛిన్నమై వేడిని విడుదల చేస్తుంది. సుమారు 130 డిగ్రీల వద్ద పాలిథీన్ సెపరేటర్ కరుగుతుంది. అది చెదిరితే రెండు ఎలక్ట్రోడ్లు ఒకదానినొకటి తాకి షార్ట్ సర్క్యూట్ ఏర్పడుతుంది. 200 డిగ్రీలు దాటిన తర్వాత నికెల్, మాంగనీస్, కోబాల్ట్ మిశ్రమంతో చేసిన కాథోడ్ నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది. ప్రతి దశలో పుట్టిన వేడి తరువాతి దశను వేగవంతం చేస్తుంది. ఈ గొలుసు చర్యను థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్‌లో మొదలైన వేడి పక్క సెల్స్‌కు పాకుతుంది. వెలువడే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విషవాయువులు ఉంటాయి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రసాయనంతో చేసిన సెల్స్‌లో కాథోడ్ మరింత అధిక ఉష్ణోగ్రత వరకు స్థిరంగా ఉంటుంది. ఆక్సిజన్‌ను సులువుగా వదలదు. అందువల్ల వేడి ప్రాంతాలకు అది సాపేక్షంగా సురక్షితమైనది. అయితే దానిలోని ఎలక్ట్రోలైట్ కూడా మండే స్వభావం గలదే కనుక పూర్తిగా నిరపాయమని భావించరాదు.

బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి పెరిగిన కొద్దీ ప్రమాద తీవ్రత పెరుగుతుంది. వోల్టేజీని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. సాధారణ సెల్‌ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ల పంపు బ్యాటరీలో 96 వాట్ అవర్లు, 36 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల లాన్‌మోవర్ బ్యాటరీలో 144 వాట్ అవర్లు ఉంటాయి. 44.4 వోల్టులు, 16 ఆంపియర్ అవర్ల డ్రోన్ బ్యాటరీలో ఇది సుమారు 710 వాట్ అవర్లు, అంటే సెల్‌ఫోన్ బ్యాటరీ కంటే 37 రెట్లు. నమో డ్రోన్ దీదీ పథకం కింద సంఘాలకు ఇచ్చే సామగ్రిలో అదనంగా 4 బ్యాటరీలు, వేగంగా ఛార్జ్ చేసే ఛార్జర్ కూడా ఉంటాయి. ఇంతటి శక్తి ఒకే గదిలో నిల్వ ఉంటుందన్న సంగతి సంఘ సభ్యులకు ముందుగానే తెలియాలి.

ఉత్తర తెలంగాణ ప్రత్యేక పరిస్థితులు

2016 అక్టోబర్‌లో జరిగిన పునర్విభజనతో ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు, ఉమ్మడి ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ ప్రాంతమంతటా బ్యాటరీ పనిముట్ల భద్రతను ప్రభావితం చేసే పరిస్థితులు కొన్ని ఉమ్మడిగా కనిపిస్తాయి.

మొదటిది వేసవి తీవ్రత. లిథియం అయాన్ సెల్స్‌ను ఛార్జ్ చేయదగిన ఉష్ణోగ్రతను తయారీదారులు సాధారణంగా 0 నుంచి 45 డిగ్రీల వరకు సూచిస్తారు. ఆదిలాబాద్, జగిత్యాల, రామగుండం ప్రాంతాలలో మే నెల పగటి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలకు చేరడం, కొన్ని రోజులలో దాటడం తెలిసినదే. అనగా పెట్టె మీద గరిష్ఠ పరిమితిగా ముద్రించిన అంకె ఇక్కడ నీడలోని గాలి ఉష్ణోగ్రతకు సమానం. రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన ట్రాక్టర్ ట్రాలీలో ఉంచిన బ్యాటరీ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. పని ముగిసిన వెంటనే లోపలి వేడి తగ్గకముందే ఛార్జింగ్‌కు పెడితే ఆ పరిమితి మరింత సులువుగా దాటిపోతుంది.

రెండవది పత్తి నిల్వ. అక్టోబర్ నుంచి జనవరి వరకు ఏరిన పత్తిని అమ్మకానికి తరలించే దాకా ఇంటి గదులలో, వసారాలలో కుప్పగా పోయడం ఆదిలాబాద్ జిల్లాలో అలవాటు. చిన్న నిప్పురవ్వ పడినా పత్తి కుప్ప మీద మంట క్షణాలలో పరుచుకొంటుంది. లోపలి పొరలలో గంటల తరబడి రాజుకొంటూ ఉంటుంది. పంపు బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టే ప్లగ్గు కూడా తరచుగా అదే గదిలో ఉంటుంది. బ్యాటరీలోని చిన్న లోపం ఇల్లు కాలిపోయేంతటి ప్రమాదంగా, ఒక ఏడాది పంట నష్టంగా మారేది ఇక్కడే. ఉత్తర తెలంగాణలో ఇతర ప్రాంతాల సూచనలను యథాతథంగా ఇవ్వకుండా ఈ అంశాన్ని మొదట చెప్పవలసి ఉన్నది.

మూడవది పురుగుమందుల ప్రభావం. చాలా బ్యాటరీ పంపులలో మందు ట్యాంకు పైన, బ్యాటరీ గది అడుగున ఉంటాయి. మూత సరిగా బిగించకపోయినా, వాషర్ అరిగిపోయినా మందు నీరు కిందికి కారి బ్యాటరీ గదిలోకి చేరుతుంది. లవణాలు, పోషక ద్రావణాలు కలిసిన ఆ నీరు టెర్మినళ్లను, సర్క్యూట్ బోర్డును తినివేస్తుంది. తుప్పు పట్టిన అతుకు వద్ద నిరోధం పెరిగి వేడి పుడుతుంది. బోర్డు మీద తేమ చేరితే రక్షణ వలయమే విఫలం కావచ్చు. వానకాలంలో నల్లరేగడి బురదలో పంపును దించినప్పుడు అడుగు భాగం తడవడం ఇందుకు తోడవుతుంది.

నాలుగవది బ్యాటరీ మార్పిడి. దీనిని ప్రత్యేకంగా వివరించవలసి ఉన్నది. తక్కువ ధర పంపులలో చాలాకాలంగా వస్తున్నది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. అది పాడైనప్పుడు తేలికగా ఉంటుందని లిథియం బ్యాటరీని బిగించి, పాత ఛార్జర్‌నే కొనసాగించే అవకాశం ఉంటుంది. లెడ్ యాసిడ్ ఛార్జర్ సుమారు 14.4 వోల్టుల వరకు తీసుకువెళుతుంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకపు సెల్స్ మూడింటిని వరుసగా కలిపిన ప్యాక్‌కు గరిష్ఠ పరిమితి 12.6 వోల్టులు, అనగా సెల్ ఒక్కంటికి 4.2 వోల్టులు. పాత ఛార్జర్‌తో అది సెల్‌కు 4.8 వోల్టుల దాకా వెళ్లగలదు. దానిని ఆపగలిగేది ప్యాక్ లోపలి బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ ఒక్కటే. చవకరకం ప్యాక్‌లో ఆ వ్యవస్థ నాసిరకంగా ఉన్నా, తుప్పు పట్టి పనిచేయకపోయినా ప్రమాదం తప్పదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగింటిని కలిపిన ప్యాక్‌కు గరిష్ఠ పరిమితి 14.6 వోల్టులు కనుక ఈ తేడా తక్కువ. అయినప్పటికీ ఆ ప్యాక్‌కు ఉద్దేశించిన ఛార్జర్‌ను మాత్రమే వాడాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీకీ తనదైన ప్రమాదం ఉన్నది. అతిగా ఛార్జ్ అయినప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో దాని పరిమాణం 4 శాతానికి చేరితే నిప్పురవ్వ తగిలినప్పుడు అంటుకొంటుంది. గాలి ఆడని గదిలో ఛార్జింగ్ చేయరాదన్న నియమం రెండు రకాల బ్యాటరీలకూ వర్తిస్తుంది.

చట్టంలో ఉన్న అవకాశాలు, లోటు

భారతదేశంలో మోటారు వాహనాలకు రీకాల్ విధానం చట్టబద్ధమైనది. 2019 సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో చేరిన 110-ఏ సెక్షన్ లోపభూయిష్టమైన వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. పంపులు, బ్రష్ కట్టర్లు, లాన్‌మోవర్లు మోటారు వాహనాలు కావు. వీటికి ప్రత్యేక రీకాల్ చట్టం లేనందున సాధారణ వినియోగదారుల చట్టమే ఆధారం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి పిలవాలని, వాటి ధరను కొనుగోలుదారులకు తిరిగి చెల్లించాలని ఆదేశించే అధికారం చట్టంలోని 20వ సెక్షన్ ఈ సంస్థకు ఇచ్చింది. 16వ సెక్షన్ ప్రకారం జిల్లా కలెక్టర్ తన పరిధిలోని ఫిర్యాదులపై విచారణ జరిపి ఆ సంస్థకు నివేదిక పంపవచ్చు. లోపమున్న వస్తువు వల్ల కలిగిన నష్టానికి తయారీదారు, విక్రేతల బాధ్యతను ఇదే చట్టంలోని ఆరవ అధ్యాయం నిర్ణయిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ చట్టం, 2016 కూడా ప్రమాణాలకు అనుగుణంగా లేని వస్తువులను మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే వీలు కల్పిస్తున్నది.

పరికరాలలో వాడే లిథియం సెల్స్‌కు, బ్యాటరీలకు ఐ.ఎస్. 16046 ప్రమాణం కింద తప్పనిసరి నమోదు విధానం అమలులో ఉన్నది. నమోదైన ఉత్పత్తి మీద ప్రామాణిక చిహ్నంతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల సంఖ్య ఉంటుంది. దానిని భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఈ సంఖ్య లేని బ్యాటరీని కొనవద్దని రైతుకు చెప్పడం విస్తరణ సిబ్బంది ఇవ్వగల అతి సులువైన, ఉపయోగకరమైన సలహా.

అధికారాలు ఉన్నప్పటికీ లోటు ఎక్కడున్నదో ఇప్పుడు స్పష్టమవుతుంది. ఆదేశం వెలువడిన తర్వాత ఆ పరికరం ఎవరి ఇంట్లో ఉన్నదో చెప్పగల రికార్డు లేదు. పంపు కొన్న రైతు పేరు డీలరు బిల్లులో ఉంటే ఉండవచ్చు, బ్యాటరీ సీరియల్ సంఖ్య అందులో ఉండటం అరుదు. వారంటీ కార్డు నింపి పంపేవారు తక్కువ. కంపెనీ వెబ్‌సైటులో ఆంగ్లంలో పెట్టిన ప్రకటన ఉట్నూరు ఏజెన్సీ గ్రామంలోని గిరిజన రైతుకు చేరదు. రీకాల్ విజయం వస్తువును వాడుతున్న వ్యక్తిని కనుగొనడం మీదనే ఆధారపడుతుంది. ఆ పని చేయగల యంత్రాంగం గ్రామ స్థాయిలో వ్యవసాయ శాఖకు, విశ్వవిద్యాలయానికి మాత్రమే ఉన్నది.

విస్తరణ యంత్రాంగం చేపట్టదగిన చర్యలు

తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి, ఆ క్లస్టర్‌కు ఒక రైతు వేదిక ఉన్నాయి. ప్రతి పంటకాలంలో విస్తరణాధికారి రైతువారీగా పంట నమోదు చేస్తారు. ఈ నమోదు సమయంలోనే రైతు వద్ద ఉన్న బ్యాటరీ పనిముట్ల వివరాలు సేకరించడం పెద్ద అదనపు భారం కాదు. పరికరం పేరు, కంపెనీ, మోడల్, పరికరం సీరియల్ సంఖ్య, బ్యాటరీ సీరియల్ సంఖ్య, బ్యాటరీ రకం, కొన్న సంవత్సరం, డీలరు పేరు, రైతు ఫోన్ సంఖ్య అనే తొమ్మిది అంశాలు చాలు. బ్యాటరీ మీది లేబుల్‌ను ఫోటో తీసి భద్రపరిస్తే వీటిలో సగం వివరాలు ఒక్కసారిగా నమోదవుతాయి. రీకాల్ ప్రకటన వెలువడిన రోజున ఆ మోడల్ ఉన్న రైతుల జాబితాను తీసి ఫోన్ చేయడానికి ఈ రిజిస్టరు ఉపయోగపడుతుంది.

సబ్సిడీ మీద పంపిణీ చేసే పరికరాలకు ఇది మరింత సులభం. పంపిణీ రోజునే బ్యాటరీ సీరియల్ సంఖ్యను లబ్ధిదారు వివరాలకు జతచేయాలి. సరఫరా చేసే కంపెనీ రీకాల్ సమాచారాన్ని తెలుగులో ఇవ్వాలని, బ్యాటరీ తిరిగి తీసుకొనే కేంద్రం ఉమ్మడి జిల్లా పరిధిలో ఉండాలని కొనుగోలు ఒప్పందంలోనే షరతు చేర్చవచ్చు.

పురుగుమందుల డీలర్లు ఈ గొలుసులో ముఖ్యమైన కడ్డీ. రైతు పంపు కొనేది, మరమ్మతుకు అడిగేది చాలావరకు వారి వద్దనే. హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ 2003లో ప్రారంభించిన డీలర్ల డిప్లొమా కోర్సులో బ్యాటరీ భద్రత మీద ఒక తరగతిని, బిల్లులో సీరియల్ సంఖ్య రాసే అలవాటును చేర్చడం ప్రయోజనకరం.

జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం, జమ్మికుంట, ఆదిలాబాద్, బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలు వానకాలం ముందు ఒకసారి, పత్తి తీతకు ముందు మరొకసారి బ్యాటరీ పనిముట్ల తనిఖీ శిబిరాలు నిర్వహించవచ్చు. మల్టీమీటరుతో ఛార్జర్ వోల్టేజీని కొలవడం, బ్యాటరీ గదిలో తుప్పును చూడడం, ఉబ్బిన ప్యాక్‌లను వేరు చేయడం గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థులు సైతం చేయగల పనులు. రైతు వేదికలలో జరిగే రైతు నేస్తం వీడియో కార్యక్రమం రీకాల్ ప్రకటనలను చదివి వినిపించడానికి తగిన వేదిక. గోండి, కొలామి మాట్లాడే గ్రామాలలో ఆ భాషల్లో సందేశం ఇవ్వడం అవసరం.

రైతులకు ఇవ్వవలసిన సూచనలు

1. పత్తి, గడ్డి, గోనె సంచులు, పెట్రోలు, పురుగుమందులు ఉన్న గదిలో బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టరాదు. ఇంటి బయట నీడలో, వాన తగలని చోట, బండ లేదా సిమెంటు గచ్చు మీద పెట్టాలి.

2. మనుషులు నిద్రించే గదిలో, బయటికి వెళ్లే దారికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టరాదు. రాత్రంతా వదిలివేయకుండా మెలకువగా ఉన్న సమయంలోనే పూర్తిచేయాలి.

3. పని ముగిశాక కనీసం అరగంట నీడలో చల్లారనిచ్చి ఛార్జ్ చేయాలి. మే నెలలో ఉదయం లేదా బాగా పొద్దుపోయాక ఛార్జింగ్ శ్రేయస్కరం.

4. పరికరంతో వచ్చిన ఛార్జర్‌నే వాడాలి. బ్యాటరీ రకం మారితే ఛార్జర్ కూడా మార్చాలి.

5. పిచికారీ ముగిశాక బ్యాటరీ గది మూత తీసి తేమ లేకుండా తుడవాలి. ట్యాంకు కారుతున్న పంపును మరమ్మతు అయ్యేవరకు వాడరాదు.

6. వాడకం లేని నెలలలో లిథియం బ్యాటరీని సుమారు సగం ఛార్జ్‌తో, పరికరం నుంచి వేరుచేసి చల్లని చోట ఉంచాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని మాత్రం పూర్తిగా ఛార్జ్ చేసి ఉంచి, నెలకు ఒకసారి తిరిగి ఛార్జ్ చేయాలి. ఈ రెండింటి తేడాను రైతుకు స్పష్టంగా చెప్పాలి.

7. ఉబ్బిన, పగిలిన, తీపి వాసన వేసే, ఛార్జింగ్‌లో చేయి పెట్టలేనంత వేడెక్కే బ్యాటరీని వెంటనే వాడకం నుంచి తప్పించాలి. విప్పి బాగుచేసే ప్రయత్నం చేయరాదు.

నిప్పు అంటుకొన్నప్పుడు

బ్యాటరీ నుంచి పొగ, బుసకొట్టే శబ్దం వస్తే మంట రావడానికి మిగిలే సమయం చాలా తక్కువ. ముందుగా మనుషులను బయటికి పంపాలి. సాధ్యమైతే మెయిన్ స్విచ్ ఆపాలి. పొగ విషపూరితం కనుక పీల్చరాదు. మండుతున్న బ్యాటరీని చేతితో ఎత్తి బయటికి విసిరే ప్రయత్నంలో కాలిన గాయాలు అవుతాయి. అగ్నిమాపక కేంద్రానికి 101 లేదా 112 సంఖ్యకు ఫోన్ చేయాలి. విద్యుత్ సరఫరా ఆగిందని నిర్ధారించుకొన్న తర్వాత దూరం నుంచి ఎక్కువ నీరు పోయడం వల్ల సెల్స్ చల్లబడి మంట పక్కకు పాకడం తగ్గుతుంది. పొడి రకం ఆర్పే పరికరాలు పై మంటను ఆపినా లోపలి వేడిని తీయలేవు. ఆరినట్లు కనిపించిన బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కొక్కసారి రోజుల తర్వాత కూడా తిరిగి అంటుకోవచ్చు కనుక దానిని ఇళ్లకు, గడ్డివాములకు దూరంగా ఆరుబయట ఉంచాలి.

ప్రమాదం జరిగిన తర్వాత కాలిన పరికరాన్ని, ఛార్జర్‌ను, బిల్లును పారవేయకుండా ఫోటోలతో సహా భద్రపరచాలి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 సంఖ్య ద్వారా, జిల్లా కలెక్టర్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఒక రైతు ఫిర్యాదు ఒక కుటుంబానికి పరిహారం తేవచ్చు. ఒకే మోడల్ మీద పలు ఫిర్యాదులు నమోదైతే రీకాల్ ఆదేశానికి ఆధారం ఏర్పడుతుంది. చిన్న ప్రమాదాలను, మంట రాకుండా కరిగిపోయిన ఛార్జర్లను సైతం నమోదు చేయించవలసింది ఇందుకే.

పాడైన బ్యాటరీలను చెత్తలో వేయడం, పాత సామాను వారికి అమ్మడం కూడా ప్రమాదమే. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ, పునర్వినియోగం ఉత్పత్తిదారుల బాధ్యత. టెర్మినళ్లకు టేపు అంటించి, ఇసుక నింపిన లోహపు డబ్బాలో ఉంచి డీలరుకు అప్పగించడం మంచిది.

పరిశోధనకు అవకాశం ఉన్న అంశాలు

స్నాతకోత్తర విద్యార్థులు చేపట్టదగిన అంశాలు ఈ రంగంలో పలు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలలలో రేకుల షెడ్డు, పెంకుటిల్లు, స్లాబు ఇంటిలో ఛార్జ్ అవుతున్న పంపు బ్యాటరీల ఉష్ణోగ్రతను నమోదు చేసి పోల్చడం ఒకటి. సాధారణంగా వాడే పురుగుమందులు, నీటిలో కరిగే ఎరువుల ద్రావణాలు టెర్మినళ్లను ఎంత వేగంగా తినివేస్తాయో పరీక్షించడం మరొకటి. ఒక మండలంలో లెడ్ యాసిడ్ నుంచి లిథియానికి మార్చిన పంపులు ఎన్ని, వాటిలో పాత ఛార్జర్‌తో నడుస్తున్నవి ఎన్ని అని సర్వే చేయడం ఇంకొకటి. రీకాల్ సందేశాన్ని ఫోన్, రైతు వేదిక, డీలరు అనే మూడు మార్గాలలో పంపి, ఏ మార్గంలో ఎంతమంది రైతులు స్పందించారో కొలిస్తే విస్తరణ విద్యకు నేరుగా ఉపయోగపడుతుంది.

ముగింపు

బ్యాటరీ పనిముట్లు రైతుకు శ్రమను, కూలి ఖర్చును తగ్గించాయి. మహిళలకు పిచికారీ పనిలో భుజం నొప్పిని తగ్గించాయి. వాటిని భయంతో దూరం పెట్టవలసిన అవసరం లేదు. నమోదు సంఖ్య ఉన్న బ్యాటరీ, దానికి తగిన ఛార్జర్, పత్తికి దూరంగా ఛార్జింగ్ స్థలం అనే మూడు నియమాలతో ప్రమాదాలలో అధికభాగాన్ని నివారించవచ్చు. అయితే కర్మాగారంలోనే ఏర్పడిన లోపాన్ని రైతు జాగ్రత్త ఒక్కటే ఆపలేదు. దానికి రీకాల్ ఒక్కటే పరిష్కారం. రైతు పేరు, బ్యాటరీ సంఖ్య ఒకే పుస్తకంలో నమోదైననాడే రీకాల్ ఆదేశం గ్రామంలో అమలవుతుంది. రానున్న వానకాలం పంట నమోదుతో పాటు ఒక్కొక్క క్లస్టర్‌లో ఈ రిజిస్టరును ప్రారంభించడం విస్తరణ శాస్త్రవేత్తలు, అధికారులు వెంటనే చేపట్టగల పని.